మెట్టసీమలో కాషాయ పాదిరీలు

1742 జనవరి 18 తేదీ వేసి దక్షిణ భారతం నుంచి ఒక జెసూట్ పాదిరీ ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. ఆయన పేరు గాస్తోఁ లొరాఁ కూర్దూ. పాదిరీ రాసిన ఉత్తరమే అయినా అందులో మతం మాట బహు తక్కువ. ఉన్నదంతా బట్ట సంగతి. మగ్గం దిగిన నూలు గుడ్డను చలవ చెయ్యడానికి మేకపెంట కలిపిన నీళ్లలో ఎలా నానవేస్తారో, ఎండలో ఎలా ఆరవేస్తారో రాశాడు. కరక్కాయ నూరి బర్రెపాలలో కలిపి గుడ్డకు పట్టిస్తారనీ, పాలలోని జిడ్డు రంగును పక్కలకు పాకనివ్వదనీ రాశాడు. సూదితో చిల్లులు పొడిచిన కాగితాన్ని గుడ్డ మీద పరచి, బొగ్గుపొడి దులిపి బొమ్మ దింపే తీరు, ఇనుముతో నలుపు, పటిక రాసిన చోట చిరివేరుతో తేలే ఎరుపు, నీలి తొట్టిలో ముంచేముందు నీలం అంటకూడని చోటల్లా పూసే మైనం, ఒకటి తర్వాత ఒకటి వరస తప్పకుండా చెప్పుకుంటూ పోయాడు. అన్ని ఊళ్ల నీళ్లూ ఈ పనికి పనికిరావన్న సంగతి కూడా వదల్లేదు.

అప్పటికి ఫ్రాన్సులో ఈ అద్దకం బట్టల మీద నిషేధం ఉంది. 1686లో పెట్టిన ఆ నిషేధం 1759 దాకా నడిచింది. దిగుమతి చెయ్యకూడదు, అక్కడ అచ్చు వెయ్యనూ కూడదు. అయినా జనానికి మోజు తగ్గలేదు. ఉత్తరం ఏడాది తిరిగేసరికి పారిస్‌లో అచ్చయింది. నిషేధం ఎత్తివేసిన మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ అనే ఆయన జూయీ ఊళ్లో బట్టల అద్దకం కార్ఖానా పెట్టాడు. అలాంటి కార్ఖానాల వాళ్లంతా రంగు నిలిచే కిటుకు కోసం వెతుకుతున్న రోజులవి.

కులవిద్యను పరాయివాడికి ఎవరూ ఊరికే చెప్పరు. రంగు నిలిచే రహస్యం అద్దకంవారికి తరతరాల అన్నం. కూర్దూకు చెప్పింది ఆయన దగ్గర జ్ఞానస్నానం పొందిన అద్దకంవారే. వాళ్లు చెప్పింది తాను సరిగ్గా పట్టుకున్నాడో లేదో మళ్లీ మళ్లీ అడిగి సరిచూసుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. వాళ్ల పేర్లు మాత్రం చరిత్రకు ఎక్కలేదు. ఓడరేవు కొట్టులో కూర్చుని బట్ట కొనే వర్తకుడికి ఈ సంగతులు దక్కేవి కావు. వాళ్ల ఊళ్లలో ఉంటూ, వాళ్ల భాషలో మాట్లాడుతూ, వాళ్ల చావుపుట్టుకలకు దగ్గరగా మసలిన మనిషికే ఆ తలుపు తెరుచుకుంది.

కూర్దూ 1732లో ఇండియాకు వచ్చాడు. ఆయన చేరింది కర్ణాటక మిషన్‌లో. ఆ పేరు చూసి ఇప్పటి కర్ణాటక రాష్ట్రమనుకోకూడదు. పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి జెసూట్లు 1700 తర్వాతి రెండు మూడేళ్లలో లోపలి సీమల కోసం మొదలుపెట్టిన మిషన్ అది. పుంగనూరు, కృష్ణాపురం, చిక్కబళ్లాపురం, ముదిగుబ్బ లాంటి ఊళ్లు వాళ్ల ఉత్తరాల్లో కనిపిస్తాయి. ఎక్కువగా తెలుగు మాట్లాడే మెట్ట ప్రాంతం. ఇప్పటి చిత్తూరు, అనంతపురం, సత్యసాయి జిల్లాలు, ఆ పక్కనే కన్నడ సరిహద్దు.

ఆ నేల గురించి కాస్త చెప్పుకోవాలి. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య మబ్బులు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి సన్నగిల్లుతాయి. రెంటికీ చెడ్డ సీమ. పాత అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత దీనిదే స్థానమని సర్కారు కాగితాల్లో తరచూ కనబడే మాట. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి ఒడ్డున నిజంగానే ఇసుక దిబ్బలున్నాయి. స్థానికులు హగరి అని పిలిచే ఆ ఏటి ఇసుక ఆషాఢం గాలికి లేచి పొలాల మీద పడుతుంది. ఇసుక మేట వేసిన చేను ఇక చేను కాదు. మిగతా జిల్లా అంతా ఎర్రనేల, రాళ్ల గుట్టలు, వాన కోసం కాచుకుని ఉండే చెరువులు. జనం తిండి రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం.

అలాంటి చోట ఐరోపా మనిషి ఎలా బతకాలన్నది మిషన్‌కు మొదటి ప్రశ్న. జవాబు వందేళ్ల కిందటే మదురైలో తయారై ఉంది. ఇటలీ నుంచి 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నొబిలి పాదిరీల నల్ల అంగీ విప్పేసి కాషాయం కట్టాడు. మాంసం మానేశాడు. తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చాడు. 1656లో చనిపోయేదాకా అదే బతుకు. మదురై నాయకులు తెలుగువారు కావడం వల్ల తెలుగుతో ఆయనకు పని పడింది. పుదుచ్చేరి ఫ్రెంచివాళ్లలో జాఁ వెనాఁ బూషే అంతకుముందు ఆ మదురై మిషన్‌లోనే పనిచేశాడు. ఆ పద్ధతినే తెలుగు మెట్టకు తెచ్చాడు.

ఉత్తరాల్లో వాళ్ల దినచర్య వివరంగా ఉంది. ఒంటి మీద కాషాయ రంగు నూలుబట్ట. కాళ్లకు చెక్క పాదుకలు. చేతిలో నీళ్ల చెంబు. కూర్చోవడానికి పులిచర్మం. మట్టిగోడల గుడిసె, పైన గడ్డి కప్పు, పడక నేల మీదే. మాంసం, చేప, గుడ్డు, సారాయి ముట్టకూడదు. రోజుకు ఒక్కపూట తిండి, అందులో అన్నం, కూరాకు, పప్పు, దొరికితే పాలు. ఫ్రాన్సులో రొట్టె, మాంసం, ద్రాక్షసారాయి మధ్య పెరిగినవాళ్లకు ఇది చిన్న మార్పు కాదు. ఎండకు, వేళకాని తిండికి, చెడు నీళ్లకు చాలామంది ఆరోగ్యం చెడింది. రాత్రి జనం మాటు మణిగాక, పాదిరీకి తోడుగా మతం బోధించే స్థానికుడైన ఉపదేశి వెంట మరో ఊరికి నడిచిపోవడం, ఊళ్లోకి రానివ్వకపోతే చింతతోపులో గడపడం మామూలే.

అంత కటువుగా బతకడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. తీరంలో పోర్చుగీసువాళ్లు వందేళ్లకు పైగా నడిపిన వ్యవహారం చూసినవాళ్లకు ఫిరంగి అంటే గొడ్డుమాంసం తిని, తాగి, ఒళ్లు శుభ్రం లేకుండా తిరిగే మనిషి. అతని మతంలో కలిస్తే కులం పోతుందని భయం. కాబట్టి తాము ఫిరంగులం కాదని, రోమా దేశపు సన్యాసులమని పాదిరీలు చెప్పుకునేవారు. పుదుచ్చేరి ఫ్రెంచి వర్తకులతో తమకున్న బంధం బయటపడకుండా జాగ్రత్తపడేవారు. ఎవరో ఒకరు గుర్తుపట్టి ఫిరంగి అని అరిస్తే ఆ ఊళ్లో ఏళ్ల తరబడి చేసిన పని ఒక్క పూటలో పోయేది. వైష్ణవ దాసరుల నుంచి వచ్చిన ఎదురుదెబ్బలు కూడా ఉత్తరాల్లో పదేపదే వస్తాయి. పాళెగాళ్లలో కొందరు ఆదరించారు, కొందరు కొట్టి వెళ్లగొట్టారు.

ఈ బతుకులోని కష్టాన్ని తక్కువ చెయ్యడం అన్యాయం. అయితే దాన్ని దగ్గరగా చూస్తే ఒక సంగతి కళ్లబడుతుంది. వాళ్లు ఎంచుకున్న ఒంటిపూట అన్నం ఆ సీమ పేదల తిండి కాదు. రాయలసీమ మెట్టలో వరన్నం మొన్నమొన్నటిదాకా పండగ తిండి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాకే అది అందరి ఇళ్లలోకీ రోజువారీగా చేరింది. పాదిరీ విస్తట్లో అన్నం ఉంది, మాలపల్లె చట్టిలో సంగటి ఉంది. పాదిరీ అనుకరించింది పేదవాడిని కాదు, పెద్దకులాలవారు మొక్కే సన్యాసిని. వంటకు బ్రాహ్మణుణ్ణి పెట్టుకోవాలి. దళితుల ఇళ్లకు వెళ్లకూడదు. వెళ్లినట్టు తెలిస్తే బ్రాహ్మణ, రెడ్డి ఇళ్ల గడపలు మూతపడతాయి. రోగంతో చావుబతుకుల్లో ఉన్న దళిత క్రైస్తవుణ్ణి సైతం గుడిసెలోకి పోకుండా, బయటికి మోయించి తెప్పించి కడసారి ప్రార్థన చెప్పిన సందర్భాలున్నాయి.

దీని మీద రోమ్‌లో పెద్ద తగవే నడిచింది. పాపుగారి దూతగా పుదుచ్చేరిలో దిగిన తూర్నోఁ 1704లో ఈ ఆచారాల్లో చాలావాటిని తప్పుపట్టి ఉత్తర్వు ఇచ్చాడు. నలభై ఏళ్ల వాదోపవాదాల తర్వాత 1744 సెప్టెంబర్‌లో 14వ బెనెడిక్ట్ పాపుగారు తీర్పు చెప్పారు. జబ్బుపడిన దళితుల ఇంటికి పాదిరీ వెళ్లి తీరాలన్నది అందులో ముఖ్యమైన మాట. జెసూట్లు దానికి కనిపెట్టిన దారి, దళితుల కోసం వేరే పాదిరీలను పెట్టడం. అంటే క్రీస్తు పేరు చెప్పే సన్యాసుల్లోనే రెండు వరసలు ఏర్పడ్డాయి. ఈ ఆచారాల జోలికి పోమని ఇండియాకు వచ్చే మిషనరీల చేత చేయించే ప్రమాణం 1940 దాకా అమల్లో ఉంది. నిరాడంబరత ఒక వేషంగా మొదలైతే, ఎవరి దగ్గరికి చేరుతుందో ఎవరికి దూరమవుతుందో ఆ వేషమే తేల్చేస్తుందని ఈ రెండు వందల చిల్లర ఏళ్ల తగవు చూస్తే తెలుస్తుంది.

మరోవైపు, ఆ మట్టి గుడిసెల్లో జరిగిన చదువు మామూలుది కాదు. పియెర్ ద లా లాన్ 1729 నాటికి తెలుగు వ్యాకరణం రాశాడు. జాఁ కాల్మెత్‌కు ఫ్రాన్సు రాజుగారి గ్రంథాలయం నుంచి వేదాలు సంపాదించమని కోరిక వచ్చింది. అంతవరకు ఐరోపాలో వేదం చూసినవాడు లేడు. పల్లెల్లో పండితులతో ఉన్న పరిచయాలతో ఆయన ప్రతులు సంపాదించి పారిస్‌కు పంపాడు. అవి తెలుగు లిపిలో ఉన్నాయి. ఐరోపాకు వేదం మొదట చేరింది దేవనాగరిలో కాదు, మన అక్షరాల్లో. కాల్మెత్ ఆ వేదాలను చదివింది వాటిని ఖండించడానికే అయినా, ఆ పని కోసం పట్టుకున్న సంస్కృతం ఖండనతో ఆగలేదు.

కూర్దూ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు చేశాడు. సంస్కృతంలో దానం, లాటిన్‌లో దోనుమ్. మనకు విధవ, వాళ్లకు విదువ. మనకు అగ్ని, వాళ్లకు ఇగ్నిస్. ఇలాంటి జంటలు పేర్చుకుంటూ పోయి, ఇవి ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకున్నవి కావని, ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1767 ప్రాంతంలో పారిస్ అకాడమీకి రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఇదే మాట చెప్పి పేరు తెచ్చుకున్నది 1786 ఫిబ్రవరి 2న. కూర్దూ రాత 1808 దాకా అచ్చు కాలేదు. అప్పటికి ఆయన పోయి 29 ఏళ్లు.

ఆ రాతను అచ్చుకు చేర్చిన ఆంకెతీల్ ద్యుపెరోఁకు మన సూరత్‌తో సంబంధం ఉంది. పార్సీల అవెస్తా చదవాలన్న పట్టుదలతో ఆయన 1758లో సూరత్ చేరాడు. పార్సీ పూజారి దస్తూరు దారాబ్ దగ్గర మూడేళ్లు చదివి 1761లో వెళ్లిపోయాడు. 1771లో అవెస్తా ఫ్రెంచి అనువాదం తెచ్చాడు. కూర్దూకు, ఆయనకు మధ్య ఉత్తరాలు నడిచాయి. తెలుగు మెట్టలో సంస్కృతం నేర్చిన ముసలి పాదిరీ, తాపీ ఒడ్డున పహ్లవీ నేర్చిన యువకుడు ఒకరికొకరు సందేహాలు రాసుకున్నారు. ఇవాళ అదే సూరత్‌లో గోడాదరా, లింబాయత్ వీధుల్లో తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల మూడో తరం ఉంటోంది. కార్పొరేషన్ వాళ్లు తెలుగు బడులు కూడా నడుపుతున్నారు. బట్ట పని, తెలుగు మాట, సూరత్, ఈ మూడూ ఒక కథలో కలవడం ఈ తరంతో మొదలైంది కాదని వాళ్ల పిల్లలకు తెలిస్తే బాగుంటుంది.

అదే సూరత్‌లో పాదిరీలు ఎలా బతికారన్నది కూడా పోల్చి చూడదగిన సంగతే. 1664లో శివాజీ ఊరిని కొల్లగొట్టినప్పుడు కపూచిన్ పాదిరీ అంబ్రోజ్ ఉన్న మఠాన్ని మాత్రం ముట్టుకోలేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. ఆ మఠంవాళ్లూ పేదరికం వ్రతంగా పట్టినవాళ్లే. కానీ వాళ్లు ఐరోపా మనుషులుగానే, తమ అంగీల్లోనే, వర్తకుల రేవుపట్నంలో బతికారు. లోపలి మెట్టకు అది చాలలేదు.

కూర్దూకు మరో అన్యాయం కూడా జరిగింది. హిందువుల ఆచార వ్యవహారాల మీద అబ్బే దుబువా రాసిన పుస్తకం పేరు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. 1792లో వచ్చి 1823 దాకా మైసూరు సీమలో పల్లెవాళ్లలా బట్ట కట్టి, పల్లె తిండి తిని బతికిన పాదిరీ ఆయన. ఆ రాతప్రతిని ఈస్టిండియా కంపెనీ రెండువేల వరహాలిచ్చి కొని 1816లో ఇంగ్లిష్‌లో అచ్చు వేయించింది. దానికి వెన్నెముక కూర్దూ రాసి పెట్టిన గ్రంథమేనని ఫ్రెంచి పరిశోధకురాలు సిల్వియా ముర్ 1987లో రుజువు చేసింది. దుబువా సొంతంగా చూసింది లేదని కాదు. శ్రీరంగపట్టణం పడిపోయాక చెదిరిన క్రైస్తవులను కూడగట్టాడు, మశూచికి టీకాలు వేయించాడు. అయినా తెలుగు పల్లెల నుంచి ఒకరు పోగుచేసిన ఎరుక ఇంకొకరి పేరు మీద వందా డెబ్బై ఏళ్లు చలామణి అయింది. ఇక కూర్దూకు ఆ సంగతులు చెప్పిన పల్లెవాళ్ల మాట ఎవరూ ఎత్తనే లేదు.

తెలుగు సాహిత్యంలోనూ ఈ కాలం ఒక ముద్ర వేసింది. మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను వేదాంత రసాయనం పేరుతో పద్యకావ్యం చేశాడు. ప్రబంధం నడకలో ఏసు చరిత్ర రావడం అదే మొదలు. జ్ఞానస్నానం పొందిన రెడ్డి కుటుంబాల్లో కొన్ని కరువులకు, దండుల తాకిడికి తాళలేక గుంటూరు వైపు తరలిపోయాయి. ఫిరంగిపురం చుట్టుపక్కల కథోలిక ఊళ్లలో ఇప్పటికీ తమ పెద్దలు రాయలసీమ నుంచి వచ్చారని చెప్పుకునే ఇళ్లున్నాయి. 1773లో పాపుగారు జెసూట్ సభనే రద్దు చేశారు. అప్పటికే ఇంగ్లిష్, ఫ్రెంచి యుద్ధాలు, మరాఠా దండయాత్రలు, హైదరాలీ దాడులు ఆ సీమను నలగ్గొట్టాయి. మట్టి గుడిసెలు మట్టిలో కలిశాయి.

నిజమైన ఎడారిలో ఇలాంటి బతుకు బతికినవాడు ఇంకో ఫ్రెంచివాడు, షార్ల్ ద ఫూకో. ఒకప్పుడు సైన్యంలో దొర. 1905లో సహారా నడిమధ్య తమన్‌రాసెట్‌లో తువారెగ్ జనం మధ్య మట్టిగది కట్టుకున్నాడు. 1908 మొదట్లో, వానలు లేక మేకలు ఒట్టిపోయిన కాలంలో, తిండి చాలక మంచం పట్టాడు. చుట్టుపక్కల ఉన్న మేకలన్నీ వెతికి, చుక్క చుక్క పాలు పోగుచేసి ఆయన్ను బతికించింది ఆ తువారెగ్ జనమే. సాయం చెయ్యడానికి వచ్చినవాడు సాయం పుచ్చుకున్నాడు. ఆయన జీవితాన్ని రాసినవాళ్లు చాలామంది ఆ జబ్బునే మలుపుగా చెబుతారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం వెచ్చించింది వాళ్ల భాషకు నిఘంటువు కూర్చడంలోనే. 1916 డిసెంబర్ 1న సాయుధుల చేతిలో చనిపోయాడు. నాలుగు సంపుటాల నిఘంటువు 1951, 52ల్లో వెలువడింది. 2022 మే 15న రోమ్‌లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. అదే రోజు, అదే వేదిక మీద కన్యాకుమారి సీమకు చెందిన దేవసహాయం పిళ్లైకీ ఆ గౌరవం దక్కింది.

తెలుగు మెట్టకు వస్తే, 19వ శతాబ్దంలో లండన్ మిషన్‌వాళ్లు 1810లో బళ్లారిలో, ఆ తర్వాత కడపలో దిగారు. వాళ్లు కాషాయం కట్టలేదు. బంగళాలు, బళ్లు, అచ్చుయంత్రాలు వాళ్ల పద్ధతి. 1876 నుంచి 78 దాకా నడిచిన ధాత కరువులో మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప ఘోరంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, 1882లో వేరుపడింది. ఆ కరువులోనే ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, మాదిగపల్లెల జనానికి కూలి పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసం మతమా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపి ఉంచానన్నది క్లౌ ఇచ్చిన జవాబు.

కాషాయ పాదిరీలు విడిచిన మెట్టకు మళ్లీ ఒక జెసూట్ వచ్చింది 1969లో. విన్సెంట్ ఫెర్రర్‌ది స్పెయిన్. పుట్టింది 1920లో బార్సెలోనాలో. కుర్రతనంలోనే స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడి నిర్బంధ శిబిరాలు చూశాడు. 1944లో జెసూట్లలో చేరి, 1952లో ముంబైలో దిగాడు. నాసిక్ జిల్లా మన్మాడ్‌లో ఆయన మొదలుపెట్టింది బావుల పని. చేతికి డబ్బు ఇచ్చేవాడు కాదు. రైతు తన పొలంలో బావి తవ్వుకుంటుంటే, ఆ రోజులకు ఇంటికి సరిపడా గోధుమలు, నూనె ఇచ్చేవాడు. నీళ్లు పడితే రైతువే. ఎండిన సీమలో బావి పడితే కూలివాడి బేరం మారుతుంది, వడ్డీవ్యాపారి పట్టు సడలుతుంది. అది గిట్టనివాళ్లు ఊరుకోలేదు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. వేలమంది రైతులు ముంబైకి నడిచి వెళ్లి నిరసన తెలిపారు. ప్రధాని ఇందిరాగాంధీ కలగజేసుకున్నారు. కొన్నాళ్లు బయటికి వెళ్లివస్తే మళ్లీ రానిస్తామన్న ఒప్పందం కుదిరింది.

మహారాష్ట్రకు తిరిగి వెళ్లే వీలు లేదు. ఆంధ్రప్రదేశ్ ఒప్పుకుంది. అలా ఆయన అనంతపురం చేరాడు. చేరిన మరుసటి ఏడు, 1970లో, జెసూట్ సభను వదిలేసి ఆన్ పెర్రీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ముంబైలో పత్రికలో పనిచేసిన ఇంగ్లిష్ అమ్మాయి. మన్మాడ్ గొడవ గురించి రాయడానికి వెళ్లి ఆ పనిలోనే కలిసిపోయింది. పాదిరీ అంగీ వదిలిన మనిషి అనంతపురంలో పెట్టిన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. జిల్లాలో ఎవర్నడిగినా ఆర్డీటీ అంటారు.

రెండు మిషన్ల మధ్య పోలిక ఇక్కడ సూటిగా కుదురుతుంది. 1740ల్లో పాదిరీ ఊరి పెద్దల అరుగు దగ్గర మొదలుపెట్టి, మాలపల్లెకు వేరే మనిషిని పంపాడు. ఆర్డీటీ ఎస్సీ కాలనీలో, గిరిజన తండాలో మొదలుపెట్టింది. బడి వేళలకు ముందు పొద్దున్నే, బడి వదిలాక సాయంత్రం అక్కడి పిల్లలకు అదనంగా చదువు చెప్పే పాఠశాలలు నడిపింది. బోద గుడిసెల చోట గట్టి కప్పు ఉన్న ఇళ్లు కట్టించి, ఇంటి పట్టా ఆడవాళ్ల పేరు మీద రాయించింది. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు పెట్టింది. కణేకల్లు అంటే ఇసుక దిబ్బల మండలమే. బత్తలపల్లిలో హెచ్‌ఐవీ రోగులకు విడిగా ఆసుపత్రి కట్టింది, వాళ్లను ముట్టుకోవడానికి జనం జంకే రోజుల్లో. ఎవరినీ మతం మార్చలేదు.

ఆ డబ్బంతా ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. ఎక్కువ భాగం స్పెయిన్‌లో నెలనెలా కొంత పంపే మామూలు జనం దగ్గరి నుంచి వచ్చింది. 1996లో అక్కడ దాని కోసమే ఫౌండేషన్ ఏర్పడింది. కాషాయ పాదిరీలకు కూడా ఫ్రాన్సు దాతల డబ్బే దిక్కు. దూరదేశపు డబ్బు మీద ఆధారపడిన పనికి ఉండే బలహీనత రెంటికీ ఉంది. ఆ డబ్బు ఆగిపోతే ఏం మిగులుతుందన్నదే అసలు పరీక్ష. పాత మిషన్‌లో పాదిరీ పోతే నిలబెట్టడానికి ఉపదేశి తప్ప ఎవరూ లేరు. ఆర్డీటీలో పనిచేసేవాళ్లలో అత్యధికులు ఆ జిల్లావాళ్లే. కాలనీ నుంచి ఒకరు చదువుకుని నర్సుగానో టీచరుగానో అదే మండలానికి తిరిగి రావడం అక్కడ వింత కాదు.

ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురంలో చనిపోయాడు. కదిరి దారిలో ఉన్న బత్తలపల్లిలో సమాధి చేశారు. అదే దారిలో ముందుకు వెళితే ముదిగుబ్బ వస్తుంది. అంత్యక్రియల రోజు పల్లెల నుంచి లారీల్లో, ట్రాక్టర్లలో, కాలినడకన జనం తరలివచ్చారు. సంస్థ పని ఆన్ ఫెర్రర్, కొడుకు మాంచో ఫెర్రర్ చూసుకుంటున్నారు. చెనక్కాయ ఒక్కదాన్నే నమ్ముకుని నష్టపోయిన రైతులు ఇప్పుడు బిందుసేద్యంతో చీనీ, దానిమ్మ, మామిడి తోటలవైపు మళ్లుతున్నారు. బోరు ఎన్ని వందల అడుగులు వేస్తే నీళ్లు పడతాయన్నది మాత్రం ఆ సీమలో ఇంకా ఏటేటా తేల్చుకోవలసిన లెక్కే.